జీరో పాయింట్ ఫైవ్‌లో వాడరేవు

మా వాడరేవుకి ఇప్పుడు సముద్రం చూడ్డానికి వచ్చేవాళ్లు తక్కువ, సముద్రాన్ని ఫోన్‌లో వేసుకుపోవడానికి వచ్చేవాళ్లు ఎక్కువ. హైదరాబాదు నుంచి, గుంటూరు నుంచి, బెజవాడ నుంచి శనివారం రాత్రికి దిగుతారు. రిసార్టులో తిని పడుకుంటారు. ఆదివారం పొద్దెక్కాక కెమెరా మెళ్లో వేసుకునో, ఫోన్ కర్రకి తగిలించుకునో ఇసుకలోకి వస్తారు. గంటలో నాలుగొందల ఫోటోలు తీస్తారు. అందులో ఒక్కటీ వాడరేవులా ఉండదు. గోవా అన్నా నమ్ముతారు, రామేశ్వరం అన్నా నమ్ముతారు. పైన నీలం, కింద నీలం, మధ్యలో ఒక గీత. ఆ గీత కూడా వంకరే.

నేను ఇక్కడివాణ్ణి. చీరాలలో చిన్న ఫోటో స్టూడియో నడిపాను. పాస్‌పోర్టు సైజు ఫోటోలు కూడా ఇంట్లో తీసుకునే కాలం వచ్చాక మూసేశాను. పుట్టింది గుంటూరు జిల్లాలో. 1970లో ఒంగోలు జిల్లా పెడితే అందులోకి పోయాను, దానికే తర్వాత ప్రకాశం అని పేరు మార్చారు. 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల జిల్లా వాణ్ణి. మూడు జిల్లాలు మారినా ఇల్లు మాత్రం గోడ కూడా జరగలేదు. అంచేత ఒకేచోట ఉండి, ఒకే సముద్రాన్ని, అవే చేలని చూడటంలో నాకు కొంత అనుభవం ఉందనే అనుకుంటాను. ఈ గొణుగుడికి ఆ మాత్రం అర్హత చాలు.

మా మనవడికి వాళ్ల నాన్న కెమెరా కొనిచ్చాడు. వాడు ఇంజినీరింగు. సెలవులకొచ్చి, “తాతా, నాకు లాండ్‌స్కేప్ నేర్పించు. మన ఊళ్లో తీయడానికి ఏం లేదు గానీ బేసిక్స్ చెప్తే చాలు, తర్వాత లడాఖ్ పోయి తీసుకుంటా” అన్నాడు. ఆ రెండో వాక్యం దగ్గరే నాకు బీపీ లేచింది. ఊళ్లో తీయడానికేం లేదట! ప్రపంచంలో చెరిగిపోకుండా మనదాకా నిలిచిన మొట్టమొదటి ఫోటో ఏంటో తెలుసా వీడికి? ఫ్రాన్సులో నీప్స్ అనే ఆయన 1826, 27 ప్రాంతంలో తన ఇంటి మేడ కిటికీలోంచి కనిపించిన కప్పులూ గోడలూ తీశాడు. తారు లాంటి పదార్థం పూసిన లోహపు పలక మీద గంటల తరబడి వెలుతురు పడితే అది తయారైంది. సూర్యుడు అటు నుంచి ఇటు నడిచిపోయేంత సేపు కెమెరా అక్కడే ఉంది కాబట్టి రెండు పక్కల గోడల మీదా ఎండ పడింది. అంటే మొట్టమొదటి ఫోటోనే లాండ్‌స్కేపు, అదీ సొంతింటి కిటికీలోంచి. నీప్స్ లడాఖ్ పోలేదు.

మా రోజుల్లో అగ్ఫా క్లిక్ త్రీ అని ఒక డబ్బా కెమెరా ఉండేది. 120 రోలు వేస్తే పన్నెండు ఫోటోలు. దాని మీద తిప్పడానికి రెండే గుర్తులు, ఒకటి ఎండకి, ఒకటి మబ్బుకి. రోలు దొరికితే తూర్పు జర్మనీ నుంచి వచ్చే ఓర్వో, లేదంటే ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ తయారుచేసే ఇందు. ఆ పన్నెండులో పది పెళ్లివాళ్ల సొమ్ము, చివర మిగిలిన ఒకటో రెండో మన సొంతం. ఆ ఒకటీ రెండింటితోనే సముద్రం తీయాలి, చేలు తీయాలి, కొండ తీయాలి.

అట్లాంటప్పుడు మనిషి ఏం చేస్తాడు? ముందు నడుస్తాడు. పడవకి ఈ పక్కన నిలబడి చూస్తాడు, ఆ పక్కన నిలబడి చూస్తాడు. మోకాళ్ల మీద కూర్చుని చూస్తాడు. ఎండ ఎటు నుంచి పడుతోందో చూస్తాడు. ‘ఇప్పుడొద్దు, రేపు పొద్దున వద్దాం’ అని కెమెరా మూసేసి ఇంటికి పోతాడు. తీయకుండా ఇంటికి పోవడం అనేది ఒకటుందని ఇప్పటివాళ్లకి చెప్తే నవ్వుతారు. వచ్చాం కదా, తీసేద్దాం. తీశాం కదా, పెట్టేద్దాం. నా కోపమంతా అక్కడే. వెలుతురు లెక్క కట్టే పని కెమెరాయే చేస్తోంది, ఫోకసు అదే చూసుకుంటోంది, రోలు ఖర్చు లేదు. మనిషికి మిగిలిన పని ఒక్కటే, ఎక్కడ నిలబడాలి, ఎంతసేపు నిలబడాలి అని. ఆ ఒక్కటీ మానేశారు.

మాకు లైట్ మీటరు కూడా తర్వాతెప్పుడో వచ్చిన వైభవం. ఎండ కాస్తుంటే ఎఫ్ 16 పెట్టు, ఫిల్ము వేగం ఎంతో షట్టరు అంత పెట్టు, 125 రోలయితే నూటపాతికో వంతు సెకను. ఇసుకలో నిలబడితే ఎఫ్ 22కి మూసెయ్, ఇసుక వెలుతురుని తిరిగి కొడుతుంది. ఈ లెక్క నోటికొచ్చినవాడు ఆకాశం వైపు ఒకసారి చూసి అంకెలు తిప్పేవాడు. మనవడు ఇది విని, “ఇప్పుడు ఆటోలో ఉంటుంది తాతా” అన్నాడు. ఉంటుంది నాయనా. ఆటో చేసే తప్పులేంటో తెలియాలంటే ఆటో లేకుండా ఆలోచించడం రావాలి. అక్కడికే వస్తున్నా.

ముందు సముద్రం సంగతి చూద్దాం. సముద్రం తూర్పున ఉంది కాబట్టి సూర్యుడు ఎదురుగా పుడతాడని అందరూ అనుకుంటారు. మన తీరం ఇక్కడ తిన్నగా ఉత్తరం దక్షిణంగా లేదు. బాపట్ల వైపు నుంచి ఒంగోలు వైపుకి ఏటవాలుగా, ఈశాన్యం నుంచి నైరుతికి దిగుతుంది. వాడరేవులో నీళ్లకేసి తిన్నగా నిలబడితే మీరు చూస్తున్నది ఆగ్నేయం. డిసెంబరులో సూర్యుడు ఆగ్నేయానికి జరిగి పుడతాడు కాబట్టి దాదాపు మీకు ఎదురుగా నీళ్లలోంచి లేస్తాడు. ఆ వెలుగుకి అడ్డంగా పడవో మనిషో వస్తే నల్లటి ఆకారం, చుట్టూ బంగారం. జూన్‌లో ఈశాన్యం వైపు జరిగిపోతాడు, అంటే మీ ఎడమ చేతి పక్కన, ఒడ్డు గీతకి కాస్త దూరంలో పైకొస్తాడు. అప్పుడు ఎండ ఒడ్డు వెంబడే పాకుతుంది. ఇసుకలో అల గీసిపోయిన గీతలు, ఎండ్రకాయలు తవ్విన గుంతలు, పడవ పక్కనున్న తాడు ముడులు, అన్నిటికీ నీడలు పుడతాయి. చలికాలం ఆకారాలకి, ఎండాకాలం గరుకుదనానికి. ఈ తేడా తెలియని వాడు ఏడాది పొడుగునా వచ్చినా ఒకే ఫోటో తీసుకుపోతాడు.

సంక్రాంతి రోజుల్లో ఇక్కడ సూర్యోదయం ఆరూ నలభై ప్రాంతం. జూన్‌లో ఐదున్నర దాటగానే. దానికి అరగంట ముందే ఇసుకలో ఉండాలి. సూర్యుడు రాకముందు ఆకాశంలో వచ్చే రంగే అసలు రంగు. వచ్చాక పావుగంట ఇరవై నిమిషాలు కూడా పర్వాలేదు. ఆ తర్వాత ఎండ తెల్లబడుతుంది, సముద్రం రేకు తళతళలాడినట్టు ఉంటుంది, ఇంక ఎంత ఖరీదు కెమెరా అయినా ఒకటే.

సాయంత్రాలు సూర్యుడు మన వెనక, సరుగుడు తోటల మీదుగా చీరాల వైపు దిగుతాడు. సముద్రం మీద సూర్యాస్తమయం కావాలని వచ్చి, సూర్యుడు ఎటు పోయాడని అడిగినవాళ్లున్నారు. నేను వినోదానికి చెప్పడం లేదు, నన్నే అడిగారు. బంగాళాఖాతం వాళ్లకి అరేబియా సముద్రంలా పనిచేయాలి కాబోలు. అయినా సాయంత్రం వృథా కాదు. వెనక నుంచి పడే ఎండలో పడవల రంగులు, వలల నీలం ఆకుపచ్చలు కళకళ్లాడతాయి. అప్పుడు సూర్యుణ్ణి వెతక్కుండా సూర్యుడు దేని మీద పడుతున్నాడో అది తీయాలి.

పౌర్ణమి సాయంత్రం సంగతి వేరు. సూర్యుడు అటు దిగేవేళకి చంద్రుడు ఇటు నీళ్లలోంచి లేస్తాడు. కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానాలకి జనం వాడరేవుకి విరగబడి వస్తారు. తెల్లవారుజామున మునిగి, దీపాలు వదిలి వెళ్లిపోతారు. ఆ సాయంత్రం ఎవరూ ఉండరు. ఎండాకాలంలో సూర్యుడు పుట్టే ఎడమ మూలలోనే చలికాలపు పున్నమి చంద్రుడు పుడతాడు. పడమటి వెలుగు ఇంకా కాస్త ఇసుక మీద ఉండగానే పైకొస్తాడు కాబట్టి చంద్రుడూ కనిపిస్తాడు, పడవా కనిపిస్తుంది. ఇంకో అరగంట ఆగితే చంద్రుడు తెల్లటి బొట్టు, మిగతాదంతా చీకటి. అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్ అని లాండ్‌స్కేపుల మహానుభావుడు 1941 నవంబరు 1న ఇట్లాంటి వేళకే న్యూమెక్సికోలో హెర్నాండెజ్ అనే పల్లె పక్కన కారాపాడు. శ్మశానంలో తెల్లటి శిలువల మీద చివరి ఎండ, పైన చంద్రుడు. చేతికి లైట్ మీటరు దొరకలేదు. చంద్రుడి వెలుతురు ఎంతుంటుందో ఆయనకి ముందే తెలుసు, మనసులో లెక్క కట్టి ఒకటి తీశాడు. రెండోది తీయబోయేలోపు శిలువల మీది ఎండ పోయింది. ఆ ఒక్క నెగెటివే ఆయన్ని ప్రపంచమంతా మోసింది. మనవడు అదే వేళకి ముప్పై తీసి, ఏది బాగుందో చెప్పమని నాకు పంపిస్తాడు. ఏరడం కూడా నా పనే.

ఇక గీత. సముద్రం మీద గీత వంకర పోయిందంటే నీళ్లన్నీ నిజాంపట్నం వైపు ఒలికిపోతున్నట్టుంటుంది. ఇప్పటి కెమెరాల్లో, ఫోన్లలో తెర మీద గళ్లు వచ్చే ఏర్పాటుంది. దాన్ని ఆన్ చెయ్యడానికి ఒక్క నిమిషం. మాకా సదుపాయం లేదు, వ్యూఫైండరు అంచుకి కన్ను ఆనించి సరిచూసుకునేవాళ్లం. ఇప్పటివాళ్లు ఆ గళ్లు పెట్టుకోరు, తర్వాత సరిచేస్తాం అంటారు. సరిచేస్తే నాలుగు మూలలూ కోసుకుపోతాయి, మూలలో ఉన్న లంగరు పోతుంది.

ఆ గీతని ఫొటోకి నట్టనడుమ పెట్టడం ఇంకో జబ్బు. ఆకాశంలో మబ్బులుంటే ఆకాశానికి ఎక్కువ చోటివ్వాలి. ఈశాన్య ఋతుపవనం నడిచే అక్టోబరు నవంబరుల్లో మబ్బులు కొండల్లా లేస్తాయి, అప్పుడు గీత కిందకి దిగాలి. వేసవిలో ఆకాశం పాలిపోయి ఏమీ ఉండదు, అప్పుడు గీత పైకి పోవాలి, ఇసుక మాట్లాడాలి. మూడో వంతు సూత్రం అని పుస్తకాల్లో ఉన్నది దీని గురించే, దాన్ని మంత్రం చెయ్యక్కర్లేదు.

ఇప్పుడు జీరో పాయింట్ ఫైవ్ అనే వింత దగ్గరికి వద్దాం. ఫోన్లో ఆ బటన్ నొక్కితే లోకమంతా పడుతుంది. లోకమంతా పడితే గొప్ప లాండ్‌స్కేపు అయిపోయిందని నమ్మకం. వెడల్పు లెన్సు చేసేదేంటంటే దూరంగా ఉన్నదాన్ని ఇంకా దూరం తోసేస్తుంది. కంటికి పెద్దగా కనిపించిన లైట్‌హౌసు అందులో అగ్గిపుల్లంత అవుతుంది. ఆ లెన్సు వాడాలంటే కాళ్ల దగ్గర ఏదో ఒకటి ఉండాలి. పాత వల గుట్ట, పడవ ముక్కు, ఇసుకలో తాడు, గవ్వల వరస. దానికి బాగా దగ్గరగా కూర్చుని, వెనక సముద్రాన్ని చిన్నగా ఉండనివ్వాలి. అట్లా చేస్తే చూసేవాడి కన్ను ముందు తాడు దగ్గర ఆగి, తాడు వెంబడి పడవ దాకా, పడవ నుంచి నీళ్ల దాకా నడుస్తుంది. లైట్‌హౌసే కావాలంటే ఆ బటన్ మానేసి నడిచి దగ్గరికి పోవాలి. వేళ్లతో తెర సాగదీస్తే దగ్గరవదు, మసకబడుతుంది.

ముందు భాగంలో పెట్టడానికి పడవలు కావాలంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా రండి. మన తూర్పు తీరంలో ఆ 61 రోజులూ మరపడవలతో చేపల వేట నిషేధం, గుడ్లు పెట్టే కాలం కాబట్టి. పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. అడుగు భాగాలకి రంగులేస్తుంటారు, వలలు అల్లుకుంటుంటారు. నా చిన్నప్పుడు చెక్క తెప్పలు, తెరచాపలు ఉండేవి. ఇప్పుడు ఫైబరు పడవలు, ఇంజిన్లు. తెరచాప పోయిందని ఏడ్చే ఫోటోగ్రాఫర్లున్నారు. వేటకి పోయేవాడు ఏడవడం లేదు, ఇంజిను వాణ్ణి తొందరగా ఇంటికి చేరుస్తుంది. నేను ఈ విషయంలో వాడి పక్షమే.

అక్కడ ఇంకో మాట. వల లాగేవాళ్ల ముందుకి, ఎండుచేపలు తిరగేసే ఆడవాళ్ల మొహాల్లోకి కెమెరా తోసేయకండి. మా మనవడు ఒకసారి అట్లాగే పోతే ఒక పెద్దావిడ, “ఏందయ్యా, మా మొహాలు మీకెందుకు? సముద్రం తియ్ పో” అంది. వాడు చిన్నబుచ్చుకున్నాడు. “పిన్నీ, మావాడే, నేర్చుకుంటున్నాడు” అన్నాక ఆవిడే నవ్వి పక్కకి జరిగి, బుట్ట సర్ది, తీసుకోమంది. అడిగితే పోయేదేముంది? మా రోజుల్లో తీసిన ఫోటో ప్రింటు తెచ్చి ఇచ్చేవాళ్లం. ఇప్పుడు ఎవరిదో మొహం ఎవరికో చూపించి లైకులు ఏరుకుంటున్నారు.

సామాను జాగ్రత్తలు త్వరగా చెప్పేస్తాను. ట్రైపాడ్ కాళ్లు ఇసుకలోకి గట్టిగా దిగగొట్టాలి. అల వెనక్కి పోయేటప్పుడు కాలి కింద ఇసుక లాక్కుపోతుంది, ఒక్కసారి పక్కకి ఒరిగితే కెమెరా ఉప్పునీళ్లపాలే. ఇంటికెళ్లగానే ట్రైపాడ్ కాళ్లని మంచినీళ్లతో కడగాలి. లెన్సు మీద ఉప్పు తుంపర పొరలా పడుతుంది, పైకి కనపడదు, ఫోటో మాత్రం పొగపట్టినట్టు వస్తుంది, మెత్తటి బట్టతో తుడుచుకుంటూ ఉండాలి. ఏసీ రూములోంచి తిన్నగా ఒడ్డుకి తెస్తే అద్దం చెమర్చుతుంది. ఈ గాలి తేమకి లెన్సు లోపల బూజు కూడా పడుతుంది, సిలికా జెల్ పొట్లాలు వేసిన డబ్బాలో దాచండి. ఇక అల తీసేటప్పుడు షట్టరు అయిదొందలో వంతు సెకను పెడితే అల చుక్క చుక్కగా ఆగుతుంది. అర సెకను పెట్టి, అల వెనక్కి పోయేటప్పుడు నొక్కితే నురగ గీతలు గీతలుగా సాగుతుంది. రెండూ తీసి చూసుకోండి.

సముద్రం గురించి చాలు. నాకు మనవడి మీద అసలు కోపం వచ్చింది సముద్రానికి వీపు పెట్టి చూసినప్పుడు. వాడరేవు నుంచి చీరాల, పర్చూరు మీదుగా చిలకలూరిపేట వైపు బండిలో పోతున్నాం. వాడు ఫోన్ చూసుకుంటున్నాడు. “బయట చూడరా” అంటే, “ఏముంది తాతా, ప్లెయిన్‌గా ఉంది” అన్నాడు. నల్లరేగడి మీద విచ్చిన పత్తి చేను పక్క నుంచి పోతూ ఆ మాట!

ఎక్స్‌పోజరు నేర్చుకోవడానికి మన మిరప, పత్తి చేలని మించిన బడి ఎక్కడా లేదు. కెమెరాలో ఉన్న మీటరుకి తెలుపేదో నలుపేదో తెలియదు. దానికి తెలిసింది ఒక్కటే, ప్రపంచమంతా సగటున బూడిద రంగులో ఉంటుందని, పడిన వెలుతురులో 18 శాతం తిప్పికొట్టే బూడిద రంగు. పత్తి చేను మీద పెడితే ‘అబ్బో, ఎంత వెలుతురో’ అనుకుని తగ్గించేస్తుంది, తెల్లటి పత్తి మురికి పత్తి అవుతుంది. వర్షానికి తడిసి దున్నిన రేగడి మీద పెడితే ‘అయ్యో చీకటి’ అని పెంచేస్తుంది, నల్లమట్టి తేలిపోయి వట్టి దుమ్ములా వస్తుంది. అంచేత పత్తికి ఒక మెట్టు పెంచాలి, రేగడికి ఒక మెట్టు తగ్గించాలి. కెమెరా మీద ప్లస్సు మైనస్సు బటన్ దానికే ఉంది. ఇది పుస్తకంలో పది పేజీలు, మా చేలో ఒక్క పొద్దు. పత్తి తీతలు అక్టోబరు నుంచి సంక్రాంతి దాకా నడుస్తాయి. పూత రోజుల్లో వస్తే ఇంకో విశేషం, ఆ పువ్వు పూసినరోజు మీగడ పసుపు, మర్నాటికి గులాబి. ఒకే చెట్టు మీద రెండు రంగులూ దొరుకుతాయి. ఎంతమంది చూశారు?

ఇక మిరప కల్లం. జనవరి నుంచి ఏప్రిల్ దాకా పొలాల్లో ఎర్రటి తివాచీలు పరుస్తారు. కోసిన కాయ కల్లంలో ఆరబెట్టి, రాత్రి మంచుకి పట్టాలు కప్పి, పొద్దున్నే తీస్తారు. ఆడవాళ్లు బారుగా కూర్చుని తాలుకాయ ఏరేస్తారు. టిక్కీ బస్తాలకెత్తి గుంటూరు యార్డుకి పంపుతారు. ఆ ఎరుపు చూసి కుర్రాళ్లు కారు ఆపి దబదబా తీస్తారు, తీరా చూస్తే ఎర్ర పెయింటు డబ్బా ఒలికినట్టు ముద్ద. ఒక్క కాయా కాయలా ఉండదు. కారణం చెప్తాను. డిజిటల్ కెమెరా ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా కొలుస్తుంది. మిరప కల్లంలో ఎరుపు ఒక్కటే గట్టు తెంచుకుని పారుతుంది, మిగతా రెండూ అడుగునే ఉంటాయి. మొత్తం మీద వెలుతురు సరిగ్గానే ఉన్నట్టు మీటరు చెప్తుంది, ఎరుపులో మాత్రం వివరమంతా కొట్టుకుపోయి ఉంటుంది. హిస్టోగ్రామును మూడు రంగులకీ విడిగా చూపించే ఏర్పాటు కెమెరాలోనే ఉంటుంది, ఎర్రగీత కుడి గోడకి గుద్దుకోకుండా ఒక మెట్టు తగ్గించి తీయాలి. పోలరైజరు ఫిల్టరు ఉంటే కాయ తొక్క మీద తెల్లటి మెరుపు తగ్గి ఎరుపు చిక్కబడుతుంది. మధ్యాహ్నం వద్దు. పొద్దు వాలాక, ఎండ పక్కవాటుగా పడుతున్నప్పుడు, కల్లం అంచున నేలకి దగ్గరగా కూర్చుంటే కాయకీ కాయకీ మధ్య నీడ కనిపిస్తుంది. గాలికి ఎదురుగా మాత్రం కూర్చోకండి. ఆ ఘాటుకి దగ్గొస్తే ట్రైపాడ్ కూడా ఆపలేదు.

బ్లాక్ అండ్ వైట్ రోజుల్లో ఇదే కల్లం ఇంకో పాఠం చెప్పేది. ఆకాశం నల్లబడి మబ్బులు తేలాలని మేం లెన్సుకి పసుపు ఫిల్టరో ఎర్ర ఫిల్టరో బిగించేవాళ్లం. ఎర్ర ఫిల్టరు నీలాన్ని ఆపి ఎరుపుని దాటనిస్తుంది. మబ్బులు అద్భుతంగా వచ్చేవి, కింద మిరపకాయలు మాత్రం ప్రింటులో తెల్లగా తాలుకాయల్లా దిగేవి. రైతుకి చూపిస్తే కొడతాడు. అంచేత కల్లానికి ఆకుపచ్చ ఫిల్టరు, మబ్బుకి ఎర్రది, రెండూ కావాలంటే పసుపుతో సర్దుబాటు. ఆకాశానికీ నేలకీ మధ్య బేరం కుదర్చడమే పని.

మన నేల బల్లపరుపు అన్నది నిజమే. కొండలు లేని చోట లాండ్‌స్కేపు కష్టం, అందుకే నేర్చుకునేవాడికి మంచిది. దూరంగా నిలబడే ఏ చిన్నదాన్నైనా పట్టుకోవడం అలవాటవుతుంది. నరసరావుపేట దగ్గర కోటప్పకొండ మూడు శిఖరాలు, మంచు పొద్దున చేల మీద తేలుతున్నట్టుంటాయి. అక్కడ జీరో పాయింట్ ఫైవ్ పనికిరాదు. ఎంత పొడుగు లెన్సుంటే అంత పొడుగుది పెట్టి, ముందున్న తాటిచెట్లనీ వెనకున్న కొండనీ ఒకదాని మీదికి ఒకటి లాగాలి. పర్చూరు, ఒంగోలు వైపు పాడుబడిన పొగాకు బ్యారన్లున్నాయి, ఇటుక గోడలు, తుప్పుపట్టిన రేకులు. సాయంత్రం ఎండలో ఆ ఇటుక మండినట్టుంటుంది. శనగ చేలో మంచు బొట్లున్నాయి. డ్రోను లేని కాలంలో ఎత్తు కోసం మేం వాములెక్కాం, ఎడ్లబండి మీద నిలబడ్డాం. మనిషి రెండు నిలువుల ఎత్తు చాలు, చేల సాళ్లు గీతలు గీతలుగా విడిపోతాయి. డ్రోను మూడొందల అడుగులు లేచి అన్నిటినీ గళ్ల లుంగీ చేసేస్తుంది.

ఎడిటింగు సంగతి చెప్పకపోతే ముసలాడు అన్నీ కాదంటున్నాడంటారు. మేమూ మోసం చేశాం. డార్క్‌రూములో ఎన్‌లార్జరు కింద చెయ్యి అడ్డం పెట్టి నేల చీకటి పడకుండా కాపాడాం, ఆకాశానికి ఎక్కువసేపు వెలుతురిచ్చి నల్లబరిచాం. ఆడమ్స్ ఆ చంద్రోదయాన్ని జీవితమంతా ప్రింటు చేస్తూనే ఉన్నాడు, 1,300కి పైగా ప్రింట్లు, ఆకాశం అంతకంతకీ నల్లగా. మన ‘మాయాబజార్’లో 1957లో కెమెరామన్ మార్కస్ బార్‌ట్లే చూపించిన ‘లాహిరి లాహిరి’ వెన్నెల నిజం వెన్నెల కాదు, అప్పటి ఫిల్ముకి వెన్నెట్లో బొమ్మ పడేంత చురుకుదనం లేదు. అయినా ఈనాటికీ తెలుగువాడు వెన్నెలంటే దాన్నే తలుచుకుంటాడు, ఎందుకంటే వెన్నెల నీళ్ల మీద ఎట్లా పడుతుందో ఆయన ముందు కళ్లారా చూశాడు. ఇప్పుడు చేసేది వేరు. మధ్యాహ్నం పన్నెండింటికి తీసిన వాడరేవుకి ఎవరిదో సంధ్యాకాశం అతికిస్తారు. ఆకాశం ఎర్రగా, కింద పడవ నీడ మాత్రం పడవ కిందే. బెస్తపిల్లవాడు కూడా కనిపెడతాడు. రంగు పెంచే గీతని చివరిదాకా లాగి, సముద్రాన్ని ఫినాయిల్ రంగులోకి తెస్తారు. బంగాళాఖాతం ఇక్కడ ఎప్పుడూ ఆ రంగులో లేదు. గట్టిగా అల కొట్టిన రోజుల్లో మట్టిరంగులోనే ఉంటుంది, ఆ మట్టిరంగుకీ ఒక అందముంది.

తుపాను ముందు ఆకాశం భలేగా ఉంటుందని వచ్చేవాళ్లు ఇంకో రకం. 1977 నవంబరు 19న చీరాల దగ్గర తీరం దాటిన తుపానే దివిసీమని ఉప్పెనలో ముంచింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర దాటింది. అప్పుడు కూడా ఒడ్డుకి పోదామని బయల్దేరిన కుర్రాళ్లున్నారు. హెచ్చరిక జెండా ఎగిరాక కెమెరా ఇంట్లో ఉండాలి, నువ్వూ ఇంట్లో ఉండాలి. ఆ ఫోటో లేకపోతే లోకానికి లోటేం లేదు.

ఇప్పుడున్న సౌకర్యాల్లో నాకు నిజంగా అసూయ కలిగించేది ఒక్కటి. తీసిన వెంటనే చూసుకోవడం. మేం రోలు కడిగేదాకా, కలరైతే మద్రాసు పోయి తిరిగొచ్చేదాకా తెలిసేది కాదు, ఈలోపు ఆ వెలుతురు, ఆ మబ్బు, ఆ పంట ఏవీ మిగిలేవి కావు. ఇప్పుడు తప్పు అక్కడికక్కడే కనిపిస్తుంది, ఇంకోసారి తీయడానికి దమ్మిడీ ఖర్చు లేదు. ఇంత వరం చేతిలో పెట్టుకుని, తీసింది చూసి రెండడుగులు జరిగి మళ్లీ తీయకుండా, తర్వాతి చోటికి పరుగెత్తుతారు చూడండి, అది నాకు అర్థం కాదు. మనవడికి నేనిచ్చిన హోమ్‌వర్కు ఒక్కటే. ఒకే పడవని పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, ఒకే చోట నుంచి తియ్. మూడూ పక్కపక్కన పెట్టు. నాతో మాట్లాడక్కర్లేదు. లడాఖ్ టికెట్టు సంగతి వాడు ఇంతవరకు మళ్లీ ఎత్తలేదు. డబ్బుల్లేకా, బుద్ధొచ్చా అన్నది నేనడగలేదు.

తీసినవాటిలో బాగున్నవి ప్రింటు వేయించండి. ఫోన్లో ఉన్న ఫోటో ఫోన్‌తోపాటే పోతుంది. నేను రోళ్లు కడిగిన కాలంలో తీసిన వాడరేవు నా ఇనప్పెట్టెలో ఇప్పటికీ ఉంది, మీరు పోయిన నెల తీసింది ఎక్కడుందో వెతికి చెప్పండి చూద్దాం.

రావాలనుకుంటే డిసెంబరులో రండి. ఆరింటికల్లా ఇసుకలో ఉండాలి. ఎనిమిదింటికి వచ్చేవాళ్లు కెమెరా రూములోనే పెట్టేసి రండి. ఆ వేళకి సముద్రం స్నానానికి బాగుంటుంది. మోకాలి లోతు దాటి మాత్రం పోకండి.